పిరికివాళ్ళ బల్ల

ఆ ఆఫీసులో బల్లలు ఐదు. నాలుగు వీధి వైపు అద్దాల దగ్గర, మంచి వెలుతురులో ఉంటాయి. ఐదోది వెనకాల, కాగితాల బీరువాకీ చేతులు కడుక్కునే గది తలుపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. మంచుకొండల మీద స్కీయింగ్ సెలవులు అమ్మే కంపెనీ అది. ముందు బల్లలవాళ్ళు ఎత్తులూ వేగాలూ గాల్లో ఎగిరే ఫోటోలూ చూపించి అమ్ముతారు. "నాకు కాస్త భయమండీ" అన్న మాట అవతల ఎవరి నోట వచ్చినా చాలు, ఫోను వెనక్కి తిప్పేస్తారు. అందుకని ఐదోదానికి పిరికివాళ్ళ బల్ల అని పేరు పడింది. అక్కడ పదకొండేళ్ళుగా కూర్చున్న మనిషికి దూదక్క అని పేరు పడింది, ఎంత భయస్థుణ్ణైనా దూది మీద దించినట్టు దించుతుందని.

పెట్టినవాళ్ళు వేళాకోళానికే పెట్టారు గానీ, ఆ పనిలో ఆమెకు సాటి వచ్చేవాళ్ళు ఆ గదిలో లేరు. ఉట్టికి ఎగరలేనివాళ్ళకి స్వర్గం అమ్మడం ముందు బల్లల పని. ఆ ఉట్టి ఎంత ఎత్తులో ఉందో కొలవడం దూదక్క పని. భయపడేవాణ్ణి "మీకు స్కీయింగ్ ఎంత వచ్చు" అని అడగకూడదని ఆమెకు తెలుసు. అడిగితే మగవాళ్ళు ఒక మెట్టు ఎక్కువ చెప్తారు, ఆడవాళ్ళు రెండు మెట్లు తక్కువ చెప్తారు. ఆమె రెండే అడుగుతుంది: "కిందటిసారి ఎక్కడ పడ్డారు? పడ్డాక ఎవరు నవ్వారు?"

అది విన్నాక రిసార్టుకు ఫోను చేస్తుంది. హోటలువాళ్ళకి కాదు, వాళ్ళ కొండ ఎప్పుడూ బంగారు కొండే. కొత్తవాళ్ళని నిలబెట్టి వాలు పైకి తీసుకుపోయే నడిచే పట్టా ఒకటి ఉంటుంది, దాని దగ్గర రోజంతా చలిలో నిలబడే మనిషికి చేస్తుంది. వాలు ఎంత వెడల్పు? ఆరితేరినవాళ్ళు దూసుకొచ్చే దారి దీన్ని అడ్డంగా కోస్తుందా? పొద్దున గాజులా గట్టిపడిన మంచు ఎన్నింటికి మెత్తబడుతుంది? చివరగా, అన్నిటికంటే ముఖ్యంగా, అడుగున ఏముంది? ఎందుకంటే భయస్థుడికి భయం జారడం గురించి కాదు, ఆగలేకపోవడం గురించి. వాలు అయిపోయాక నేల మెల్లగా ఎదురెక్కుతూ ఉంటే మనిషి తనంతట తనే ఆగిపోతాడు. అదే అడుగున కంచో, కార్లు నిలిపే చోటో, కాఫీ కొట్టు అద్దాలో ఉంటే, పైన నిలబడ్డవాడి కళ్ళకి ఇంకేమీ కనపడదు.

ఇన్ని తెలిసిన మనిషి స్కీలు ఒక్కసారీ కాళ్ళకి తగిలించుకోలేదు. ఎవరైనా అడిగితే "ఈత రానివాళ్ళకే కదా లోతు పట్టింపు" అనేది. నిజమేమిటంటే ఒక్కతే వెళ్ళడానికి మనసు రాలేదు. భర్త పోయి ఆరేళ్ళైంది. రెండు గదుల ఇల్లు, రెండు కుర్చీలు, రెండో కుర్చీ మీద ఇస్త్రీ చేయాల్సిన బట్టలు. తోడబుట్టింది ఒక్క చెల్లెలు. ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది, పిల్లల చదువులూ మరిది మోకాలి నొప్పీ చెప్పి, "ఉంటానక్కా, స్టవ్ మీద పాలున్నాయి" అని పెట్టేస్తుంది. ఆ పాలు ఆరేళ్ళుగా పొంగబోతూనే ఉన్నాయి. ఆ తర్వాత మళ్ళీ సోమవారం పొద్దున ఆఫీసులో "గుడ్ మార్నింగ్" అనేదాకా దూదక్క గొంతుకి పనుండదు.

అలాంటి రోజుల్లో, నెల మొదట్లో ఒక మధ్యాహ్నం నాలుగు దాటాక, ముందు బల్ల అమ్మాయి ఒక ఫోను వెనక్కి తిప్పింది.

"నమస్కారమండీ," అంది ఒక పెద్దవయసు గొంతు. "ఆ అమ్మాయి నన్ను మీ మీదకి తోసేసిందండీ."

"తోసెయ్యలేదండీ, అప్పజెప్పింది. చెప్పండి."

ఆయన బిల్డింగుల్లో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కట. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. "పన్నెండో అంతస్తులో తలుపు తీసి, లిఫ్టు గుంత అంచున కాళ్ళు వేలాడేసుకుని భోంచేసిన రోజులున్నాయండీ. మంచు మీద నిలబడితే మాత్రం మోకాళ్ళు మాట వినవు."

"పన్నెండో అంతస్తులో వెయ్యని భయం మంచులో ఎందుకండీ?"

"అక్కడ నడుముకి తాడుంటుంది కదండీ. మంచులో తాడేది?"

దూదక్క నవ్వింది. ఆ బల్ల దగ్గర నవ్వు వినపడి ముందు బల్ల అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది.

తర్వాత ఎప్పటి ప్రశ్నలు అడిగింది. ఎక్కడ పడ్డారో చెప్పాడు. ఎవరు నవ్వారన్న దగ్గర ఆగిపోయాడు.

"ఎవరూ నవ్వలేదండీ. మా అమ్మాయి ఏడిచింది. తొమ్మిదేళ్ళు దానికి. నేను రెండుసార్లు పడి, స్కీలు విప్పేసి, పోయి మమ్మల్ని తెచ్చిన బస్సులో కూర్చున్నాను. ఆ రోజే కాదు, మిగతా నాలుగు రోజులూ బస్సులోనే. అది ఒక్కతే జారేది, కిందకొచ్చి బస్సు కిటికీ వైపు చూసేది. ఆ ఏడే వాళ్ళమ్మా నేనూ విడిపోయాం. పిల్ల వాళ్ళమ్మ దగ్గర పెరిగింది. నాకు పుట్టినరోజుకో ఫోను, అంతే."

ఇప్పుడా అమ్మాయికి పెళ్ళై, ఐదేళ్ళ కూతురుంది. మొన్న ఉన్నట్టుండి ఫోను చేసిందట. నాన్నా, పాపకి స్కీయింగ్ మొదలుపెడుతున్నాం, చోటు నువ్వే చూడు, నీకు భయం లేనిది చూడు, ఈసారి బస్సులో మాత్రం కూర్చోకు, అందట. నెలాఖరులోపు చెప్పాలి. అల్లుడు సెలవు పెట్టుకోవాలి. చెప్పకపోతే వాళ్ళ అత్తగారూ మామగారితో వేరే చోటికి పోతారు.

"ఇంకోసారి అడగదండీ," అన్నాడు మెకానిక్కు. "నా కూతురు కదా, నాకు తెలుసు. మీరే ఎలాగైనా చూడాలి."

"మీరు నిశ్చింతగా ఉండండి. అది నా పని," అంది దూదక్క.

మర్నాటి నుంచి రోజూ నాలుగు గంటల పదినిమిషాలకి ఫోను. ఆయన టీ తాగే వేళ అది. ఏదో ఒక బిల్డింగు మీద మోటారు గదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని మాట్లాడేవాడు. మధ్యలో మోటారు మూలిగేది. "ఎవరో ఎక్కారు," అనేవాడు. ఇంకాస్త విని, "ఏడో అంతస్తు మామ్మగారు. కుక్కని తిప్పడానికి," అనేవాడు.

"ఎలా తెలుసండీ?"

"ఆవిడ ఎక్కితే లిఫ్టుకి బరువుండదు. కుక్క లోపలికి రానని మారాం చేస్తుంది, తలుపు రెండుసార్లు పడుతుంది."

మొదటి చోటు వాలు ఇరుకు. రెండోదాన్ని ఆరితేరినవాళ్ళ దారి కోస్తుంది. మూడోది అన్నీ బాగున్నా, కుర్చీ లిఫ్టు తప్ప నడిచే పట్టా లేదు. కాళ్ళ కింద ఖాళీగా ఊగే కుర్చీ ఆయనకి నచ్చలేదు. "దాని బేరింగుల సంగతి ఆలోచిస్తూ కూర్చుంటానండీ," అన్నాడు. నాలుగోదానికి అడుగున ఐస్‌క్రీం కొట్టు. మనవరాలు సంతోషిస్తుంది గానీ తాత దాంట్లో దూరతాడు. ఇలా ఒక్కో చోటుకీ ఒక్కో వంక, అన్నీ నిజమైన వంకలే.

వంకలు పది నిమిషాల్లో అయిపోయేవి. మాటలు అరగంట సాగేవి. ఏం తిన్నారంటే ఏం తిన్నారని. ఆమె ఇంటి తలుపు కిర్రుమంటుందని తెలిసి, బందులకి కొవ్వొత్తి రుద్దమని చెప్పాడు. రుద్దింది. కిర్రుమనడం ఆగిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లోకి అడుగుపెడితే తలుపు కూడా పలకరించలేదు, ఆ సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు. మూడింటి నుంచే గడియారం మీద కన్ను వేసేది. నాలుగింటికి లేచి అద్దం దగ్గర జుట్టు సర్దుకుని వచ్చేది. ఫోనులో జుట్టు కనపడదని నలభై ఆరేళ్ళ మనిషికి ఎవరు చెప్తారు?

మూడో వారం గురువారం పొద్దున ఎనిమిదో చోటు దొరికింది. పట్టా దగ్గర మనిషి మాటకారి.

"అడుగునా? అడుగున ఏమీ లేదమ్మా. పెద్ద మైదానం, అవతలికి పోయేకొద్దీ ఎత్తు. పైనుంచి మా అత్తగారిని తోసినా వచ్చి మెల్లగా ఆగిపోతుంది."

"తోసి చూశారా?"

"ఇంకా లేదమ్మా. సెలవు దొరకలేదు."

వాలు వెడల్పు, ఎవరి దారీ కోయదు, పదింటికల్లా మంచు మెత్తబడుతుంది. పక్కపక్కనే రెండు గదులు ఖాళీ. ఆ పనిలో గదుల్ని ఒక వారం పట్టి ఉంచే వీలుంటుంది, వారం దాటితే వదిలెయ్యాలి. దూదక్క రెండు గదులూ మెకానిక్కు పేరు మీద పట్టి ఉంచింది. వచ్చే గురువారం సాయంత్రం దాకా గడువు. నెలాఖరూ ఆ రోజే. కొండంత పని అయిపోయినట్టు ఊపిరి పీల్చుకుంది.

నాలుగు పదికి ఫోను మోగింది. "ఇవాళ ఏ కొండండీ?" అన్నాడు ఆయన. టీ కప్పు కింద పెట్టిన చప్పుడు వినపడింది.

చెప్పడానికి నోరు తెరిచింది. తెరిచాక తట్టింది: చెప్తే "రాసెయ్యండి" అంటాడు. చాలా థాంక్సండీ అంటాడు. రేపు నాలుగు పదికి మోగడానికి ఏమీ ఉండదు.

"ఒకటి చూశానండీ," అని రిసార్టు పేరు చెప్పింది. "అన్నీ కుదిరాయి. కానీ అడుగున కంచె ఉంది."

అనేశాక నాలిక కరుచుకుంది. కరుచుకుని ఏం లాభం, మాట అప్పటికే మోటారు గది చేరిపోయింది.

"ఇనుప కంచె అంటారా?"

"చెక్కదండీ."

"ఎంత దూరంలో?"

"వాలు అయిపోయాక పదడుగులకే."

పదకొండేళ్ళు నిజాలు కొలిచిన నోరు కదా, అబద్ధం కూడా కొలతలతో సహా వచ్చింది. ఆయన పాపం "అయ్యో, అదొక్కటీ లేకపోతే" అన్నాడు. తర్వాత అరగంట ఏవేవో మాట్లాడుకున్నారు. దూదక్క బాగానే నవ్వింది.

శుక్రవారం చెప్పేద్దామనుకుంది. చెప్పలేక ఇంకో చోటు సంగతి ఎత్తింది. శని, ఆదివారాలు ఆఫీసు లేదు. ఆదివారం చెల్లెలు పాల దగ్గరికి పరిగెత్తబోతుంటే, "ఒక్క నిమిషం ఉండవే, ఒకటి చెప్పాలి," అంది. "చెప్పక్కా." "ఏం లేదులే, పాలు చూసుకో." కంచే చేను మేసిందని ఎవరితో చెప్పుకుంటుంది? తండ్రీ కూతుళ్ళని కలపమని నమ్మి అప్పజెప్పిన మనిషిని తన అరగంట కబుర్ల కోసం ఆపేసింది. దానికి ఒంటరితనం అని పేరు పెట్టుకుంటే చేసిన పని మంచిదైపోదని ఆమెకు తెలుసు.

సోమవారం ఆయన గొంతు కాస్త నెమ్మదిగా ఉంది. "ఆ కంచె ఉన్న చోటు గురించేనండీ. ఇంకోసారి కనుక్కుంటారా? ఈమధ్య తీసేసి ఉంటారేమో."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె ఆయన మాట పూర్తి కాకుండానే "లేదండీ, పొద్దునే అడిగాను. తియ్యలేదు," అంది.

"అలాగా," అన్నాడు. టీ గుటక వేసిన చప్పుడు వినపడింది. "సరే. ఇవాళ ఏం తిన్నారు?"

మంగళవారం ఆయన రిసార్టుల ఊసే ఎత్తలేదు. బుధవారం కూడా ఎత్తలేదు. మామ్మగారి కుక్కకి జ్వరమని చెప్పాడు, ఆమె ఇంటి తలుపు ఎలా ఉందని అడిగాడు. ఆశ వదిలేసుకున్నాడన్నమాట, అనుకుంది దూదక్క. కూతురికి రానని చెప్పేశాడేమో. ఆ పిల్ల మళ్ళీ అడగదు. ఐదేళ్ళ పాప, తాత లేకుండానే జారడం నేర్చేసుకుంటుంది. ఇదంతా ఎవరి వల్ల?

గురువారం పొద్దున మేనేజరు బీరువా దగ్గరికి వస్తూ ఆమె బల్ల దగ్గర ఆగాడు. "ఏమ్మా, ఆ రెండు గదులూ ఎందుకు పట్టుకుని కూర్చున్నావు? సాయంత్రంతో గడువు. మనిషి వస్తున్నాడా లేదా?"

"వస్తాడు సార్," అంది. అన్నాక ఇక నాలుగు పది దాకా ఆగలేకపోయింది. చెప్పిన అబద్ధాలన్నీ నాలుగు పదికే చెప్పింది, నిజం కూడా ఆ వేళకే చెప్తే దాన్నీ కబుర్లలో కలిపేస్తానని భయం వేసింది. మొట్టమొదటిసారి తనే ఆయన నంబరు తిప్పింది.

"నేనండీ. పనిలో ఉన్నారా?"

"పరవాలేదు, చెప్పండి."

"అక్కడ కంచె లేదండీ. ఎప్పుడూ లేదు. అడుగున మైదానమే, ఎదురెక్కుతూ ఉంటుంది, మీకు అంతకంటే మంచి చోటు ఎక్కడా దొరకదు. నేను అబద్ధం చెప్పాను. సోమవారం మళ్ళీ చెప్పాను. మీ పని అయిపోతే మీరు ఫోను చెయ్యరని చెప్పాను. గదులు రెండూ మీ పేరు మీదే పెట్టాను, సాయంత్రం దాకా ఉంటాయి. మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. నన్ను తర్వాత తిట్టండి."

అవతల ఎక్కడో ఇనుప తలుపు మూసుకున్న చప్పుడు. తర్వాత ఆయన అన్నాడు, "తెలుసండీ."

"ఏం తెలుసు?"

"కంచె లేదని. ఆదివారం బస్సెక్కి వెళ్ళొచ్చాను. చెక్క కంచె అన్నారు కదా, చెక్కదైతే దానికి పరుపులు కట్టుకోవచ్చు. మా లిఫ్టు గుంతల్లో అడుగున స్ప్రింగులు పెడతాం, ఒకవేళ లిఫ్టు ఆగకపోతే వాటి మీద కూర్చోవాలని. అలాగే ఏదో ఒకటి చేద్దామని, కొలతలకి టేపు పట్టుకుపోయాను. అరగంట వెతికానండీ. పట్టా దగ్గర ఆయన నన్ను పిచ్చివాడనుకున్నాడు."

దూదక్క ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"వేరే రెండు గదులు అక్కడే రాయించేశాను. ఆ సాయంత్రమే మా అమ్మాయికీ చెప్పాను. శనివారం బయల్దేరుతున్నాం."

ఆయన పని చెడలేదు. ముందు ఆ ఒక్క మాటే మనసుకి అందింది, కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. పోనీలే, పాపకి తాత దొరికాడు. ఆ చల్లదనం ఒక్క క్షణమే ఉంది. ఆదివారం, సోమవారం, మంగళవారం అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"మరి సోమవారం ఎందుకు చేశారండీ?"

"మీ అంతట మీరే చెప్తారేమోనని."

"చెప్పలేదు కదా. మంగళవారం ఎందుకు చేశారు? నిన్న ఎందుకు చేశారు?"

మోటారు ఒకసారి మూలిగి ఆగింది. ఎవరు ఎక్కారో ఈసారి చెప్పలేదు.

"మీరు ఎదురుచూస్తూ ఉంటారనిపించిందండీ," అన్నాడు. "ఎప్పుడు చేసినా మొదటి మోత పూర్తి కాకుండానే ఎత్తుతారు."

అందులో ఎత్తిపొడుపు లేదు. జాలిపడే మనిషి ఎంత మెత్తగా మాట్లాడతాడో అంత మెత్తగా అన్నాడు. తిట్టినా బావుండేదనిపించింది దూదక్కకి. పదకొండేళ్ళుగా భయస్థుల గొంతు విని వాళ్ళు దాచుకున్నది పట్టుకునే పని తనది. తన గొంతు కూడా అవతల ఒకరు వింటున్నారని, ఆ బకెట్టు మీద కూర్చున్న మనిషి మూడు రోజులుగా తనని దూది మీద దించుతున్నాడని ఆమెకు ఊహకైనా తట్టలేదు.

ఏదో ఒకటి అనాలి కాబట్టి తనకు వచ్చినదే అంది. "పొద్దున పదింటి దాకా వాలు మీదికి వెళ్ళకండి. మంచు గట్టిగా ఉంటుంది."

"అలాగేనండీ."

"పాపని ముందు జారనివ్వండి. మీరు దాని వెనకాల రండి. దాన్ని చూస్తూ ఉంటే మీ కాళ్ళ సంగతి గుర్తుండదు."

"అలాగేనండీ." కాస్త ఆగి, "ఇక ఫోను చెయ్యనండీ. కోపంతో కాదు," అన్నాడు.

"తెలుసండీ," అంది.

ఫోను పెట్టేసి, గదులు వదిలేసే కాగితం తీసింది. ఎందుకు వదులుతున్నారో రాయడానికి ఒక గీత ఉంటుంది. దాని మీద "అవసరం లేదు" అని రాసి, సంతకం చేసి, మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చింది. ఆయన చూసి, "వస్తాడన్నావుగా," అన్నాడు. "వేరే దారిలో వెళ్ళారు సార్," అంది. చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చి, మొహం తుడుచుకుని వచ్చి కూర్చుంది.

ముందు బల్ల అమ్మాయి చెయ్యెత్తింది. "అక్కా, ఎవరో ఒకావిడ. అరవై ఏళ్ళట, పోయినేడు కాలు విరిగిందట, మళ్ళీ వెళ్ళాలనుందట. నీకిస్తున్నా."

బల్ల మీద ఫోను మోగింది. దూదక్క చెయ్యి అప్పటికే దాని మీద ఉంది. ఆ చేతిని వెనక్కి తీసి ఒళ్ళో పెట్టుకుంది. మూడుసార్లు పూర్తిగా మోగనిచ్చి, అప్పుడు ఎత్తి, "చెప్పండమ్మా," అంది.